స్టెల్లా లేని గుడారం

"ఈ గుడారం మీంచి నేను దిగను. కావాలంటే నన్ను కూడా కలిపి మడతపెట్టి కారులో వేసుకో నాన్నా!"

పెరటి మధ్యలో పరిచిన పచ్చటి కేన్వాసు గుడ్డ మీద రొసీనా చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఆ దేశంలో జనవరి అంటే నడి వేసవి. మిట్టమధ్యాహ్నపు ఎండకి గుడ్డ కాలుతోందని ఆమె కాలివేళ్ళు ముడుచుకుపోవడంలోనే తెలుస్తోంది. అయినా కదల్లేదు.

ఆదెమార్ గుడారపు గొట్టాలు చంకలో పెట్టుకుని, కూతురి మొహంలోకి చూడలేక గోడవైపు చూస్తున్నాడు.

కాసేపటి క్రితం భోజనాల బల్ల దగ్గర అంతా బాగానే మొదలైంది. కార్నివాల్ సెలవులకి సాంతా తెరేసా పార్కులో చోటు దొరికిందని ఆదెమార్ చెప్పగానే రొసీనా కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది. సముద్రం పక్కన, పైన్ చెట్ల కింద, ఎప్పుడూ వేసుకునే చోటే. ఆ సంబరం చల్లారకముందే అతను రవియోలీ వడ్డించుకుంటూ, "మాబెల్ కూడా వస్తుంది మనతో" అన్నాడు.

ఆ పేరు బల్ల మీద పడ్డాక ఎవరి నోటికీ ముద్ద పోలేదు.

"దిగు రొసీ. గొట్టాలు సరిపోతాయో లేదో చూడాలి. తుప్పు పట్టినట్టున్నాయి."

"ఆవిడ ఎక్కడ పడుకుంటుంది?"

"గుడారంలో."

"గుడారంలో ఎక్కడ?"

ఆదెమార్ చంకలో గొట్టాలు సర్దుకున్నాడు. ఆ గుడారంలో ఉన్నవి రెండే అరలు. ఒకదాంట్లో రొసీనా, అమ్మమ్మ. రెండోదాంట్లో అతనూ, కిటికీ పక్కన స్టెల్లా. అలల చప్పుడు వినబడకపోతే నిద్రపట్టదని, ఎంత చలిగాలి కొట్టినా ఆ కిటికీ జిప్పు వేయనిచ్చేది కాదు ఆవిడ.

"చెప్పు నాన్నా. అమ్మ పడుకునే చోటేనా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"నోరేనా అదుపులో పెట్టుకోవలసింది?"

గొట్టాలు గచ్చు మీద పడి గణగణా మోగాయి. పడేశాడో, జారిపోయాయో అతనికే తెలియదు.

"ఎన్నాళ్ళు రొసీ? ఎన్నాళ్ళు ఇలా ఉండమంటావు నన్ను? పోయిన వేసవంతా ఆ షెడ్డు తాళం కూడా తీయలేదు మనం. నేనేమన్నా రాయినా?"

"అది నువ్వే తేల్చుకోవాలి."

"ఆమె ఏం పాపం చేసింది నీకు?"

"ఏం చెయ్యలేదు. మందుల షాపులో ఏసీ కింద నిలబడి మాత్రలు అమ్ముకుంటుంది, అంతేగా! దోమ కుడితే అంబులెన్సుకి ఫోన్ చేస్తుంది. నిప్పు రాజేయడం వచ్చా ఆవిడకి? వానొస్తే గుడారం చుట్టూ కాలవ తవ్వడం వచ్చా? తడి కట్టెలు ఎలా మండించాలో తెలుసా?"

"నేర్చుకుంటుంది."

"ఎవరు నేర్పుతారు? అమ్మమ్మా?"

ఆ మాట తండ్రిని కొట్టాలని విసిరింది. కానీ అది వెళ్ళి వంటింటి గుమ్మంలో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ నీబియాకి తగిలింది. స్టెల్లాని కన్నది ఆవిడే. ఉన్న ఒక్క కూతురు. భర్త పోయాక ఆ కూతురే పట్టుబట్టి తన ఇంటికి తెచ్చుకుని, వీధివైపు గది ఖాళీ చేసి ఇచ్చింది.

పోయిన ఏడాదికి ముందటి ఏడు, శరత్కాలంలో, ఇదే పెరట్లో బట్టలు ఆరేస్తూ స్టెల్లా కూలిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

పక్కవీధిలో కార్నివాల్ కుర్రాళ్ళు పాట సాధన చేస్తున్నారు. డోలు ఆగి ఆగి మోగుతోంది.

"అమ్మమ్మా, నువ్వైనా ఏదో ఒకటి అను."

నీబియా తువ్వాలుని నాలుగు మడతలు పెట్టింది.

"రవియోలీ చల్లారిపోతోంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

తినడానికి ఎవరూ రాలేదు.

* * *

ఎండ వాలి, ద్రాక్షపందిరి నీడ పెరటి సగం దాకా పాకాక నీబియా ఒక బకెట్టు, సబ్బు, బ్రష్షు తెచ్చుకుని గుడారం దగ్గర కూర్చుంది. రొసీనా తలుపు వేసుకుని తన గదిలో ఉంది. ఆదెమార్ గరాజుకి వెళ్ళి బస్సు ఇంజన్లతో తల బాదుకుంటున్నాడు కాబోలు, ఆదివారమైనా.

ఇంత కాలం మూలపడి ఉండడంతో గుడ్డ ముక్కవాసన వేస్తోంది. బూజు పట్టిన చోటల్లా రుద్దుకుంటూ వచ్చింది. స్టెల్లా ఉన్నప్పుడు ఈ పని వేరేగా ఉండేది. డిసెంబరు నుంచే హడావుడి. గ్యాసు పొయ్యి నువ్వు చూసుకో, తాళ్ళు నువ్వు చూసుకో, అమ్మా నువ్వు కూర్చో, కూర్చుని మామీద అరుస్తూ ఉండు చాలు, అనేది. అక్కడికి వెళ్ళాక వాన పడితే మరీ సంతోషం. పిండి కలిపి గుడారం ముందర చిన్న పందిరి కింద నూనె పెట్టి రొట్టెలు వేయించేది. ఆ వాసనకి చుట్టుపక్కల గుడారాల్లోవాళ్ళు మాతే ఆకుల కషాయం తాగే బుర్రలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు.

మూల కుట్టు తిరగేస్తే ఇసక రాలింది. నాలుగు చేతివేళ్ళ మీద పట్టేంత. చివరిసారి అక్కణ్ణించి వచ్చేటప్పుడు దులిపింది స్టెల్లాయే.

నీబియా బ్రష్షు పక్కన పెట్టింది. నీళ్ళు కొట్టి కడిగెయ్యడానికి చెయ్యి రాలేదు.

"నేను చేస్తాను, లేవండి అత్తయ్యా."

ఆదెమార్ వచ్చిన అలికిడి ఆవిడకి వినబడలేదు. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో మాతే బుర్ర. ఇంకో బకెట్టు తిరగేసి దాని మీద కూర్చుని వేడినీళ్ళు పోసి ఆవిడకి అందించాడు. ఆవిడ తాగి తిరిగి ఇచ్చింది. అతను పోసుకుని తాగాడు. మళ్ళీ పోసి ఇచ్చాడు. ఇంట్లో పెద్ద గొడవ జరిగినప్పుడల్లా వాళ్ళిద్దరూ చేసేది ఇదే. స్టెల్లా నవ్వేది, మీ ఇద్దరికీ మాటలకి బదులు నీళ్ళుంటే చాలని.

"మీరు వద్దంటే తీసుకురాను" అన్నాడు చివరికి.

నీబియా బుర్రలో మిగిలింది పీల్చేసింది.

"ఆ మాట నా నెత్తిన ఎందుకు పెడతావు ఆదెమార్? నేను వద్దంటే, రేపు నీకు జలుబు చేసినా ముసలిదాని వల్లే అంటావు. సరే అంటే కూతుర్ని నేనే మళ్ళీ పాతిపెట్టినట్టుంటుంది."

"అట్లా అనకండి."

"మరెట్లా అనను? నువ్వే చెప్పు, నేర్చుకుంటాను."

అతను ఫ్లాస్కు మూత తిప్పాడు, బిగించాడు, మళ్ళీ తిప్పాడు.

"మీరు ముగ్గురూ వెళ్ళి రండి" అంది నీబియా, గొంతు తగ్గించి. "నేను ఇంట్లో ఉంటాను. టమాటా మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళుండాలి కదా."

"మీరు రాకపోతే రొసీ రాదు. మీరు రాకపోతే అది మన క్యాంపే కాదు."

"మన అంటే ఎవరు నాయనా?"

అతను తలెత్తాడు.

"తిట్టడం లేదు, నిజంగానే అడుగుతున్నాను. స్టెల్లా ఉన్నన్నాళ్ళూ నేను అత్తగారిని. ఇప్పుడు? రేపు నీ ఇంటికి ఇంకో మనిషి వస్తే? ఎవరైనా అడిగితే నన్ను ఏమని చెప్తావు?"

ఆదెమార్ నోరు తెరిచాడు. ఏ మాటా రాలేదు. చెడ్డ మాట ఏదో దాచుకుని కాదని, మంచి మాట దొరక్కే రాలేదని ఆవిడకి తెలుసు. అయినా ఆ ఖాళీ గుండెల మీద బరువుగా కూర్చుంది.

"చాలు నాకు" అని బుర్ర అతని చేతికి ఇచ్చేసి, బ్రష్షు తీసుకుంది.

* * *

మర్నాడు సాయంత్రం గేటు చప్పుడైంది. రొసీనా వెళ్ళి చూసి, తలుపు తీసిందే గానీ లోపలికి రమ్మనకుండానే వెనక్కి తిరిగి వచ్చేసింది.

"నీకోసమే అమ్మమ్మా. మాత్రలావిడ" అని తన గదిలోకి పోయి తలుపు ధడాలున వేసింది.

మాబెల్ తెల్ల కోటు ఇంకా విప్పలేదు. షాపు మూసి తిన్నగా వచ్చినట్టుంది. బేకరీ పొట్లం ఒకటి గుండెకి ఆనించుకుని గుమ్మం అవతలే నిలబడింది. ఆదెమార్ కంటే కొంచెం చిన్నది. పెళ్ళి చేసుకున్నవాడితో పొసగక ఎప్పుడో విడిపోయి ఒంటరిగా ఉంటోందని మినాస్‌లో అందరికీ తెలుసు. ఊరు అంత చిన్నది.

"లోపలికి రా అమ్మాయ్. వీధిలోవాళ్ళకి కూడా తెలియాలా?"

వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నారు. పొట్లం విప్పకుండా బల్ల మధ్యలో ఉంది.

"దోన్యా నీబియా," అని పెద్దరికమిచ్చి పిలిచింది మాబెల్. "మీరు వద్దంటే నేను రానని చెప్పడానికొచ్చాను."

"బాగుంది! అతనూ అదే మాట, నువ్వూ అదే మాట. నేనేమన్నా జడ్జీగారినా, నల్లకోటు ఒక్కటే తక్కువ."

మాబెల్ నవ్వబోయి ఆపుకుంది. "నిజం చెప్పాలంటే నాకు భయం కూడా. నేనెప్పుడూ గుడారంలో పడుకోలేదు. సముద్రంలో మోకాళ్ళు దాటి దిగను. అతను అడిగిన తీరు చూసి కాదనలేకపోయాను."

"ఏ తీరు?"

"సంతలో తప్పిపోయిన పిల్లాడు అడిగినట్టు."

నీబియాకి చిర్రెత్తింది. నిన్నట్నించీ, కాదు, కూతురు పోయిన ఆ శరత్కాలం నుంచీ లోపల దాచుకున్నది ఒక్కసారి పైకి వచ్చేసింది.

"పిల్లాడా? పెళ్ళాం శవపెట్టెలో ఉంటే చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి! ఒక్క చుక్క రాలితే ఒట్టు. ఊరంతా ఏడ్చింది. అతను వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు. సమాధి దగ్గర్నించి వచ్చి బస్సు బాగుచెయ్యడానికి పోయాడు. మనసులో ఏమీ లేని మనిషికి తోడు దొరకడం తేలికేలే."

మాబెల్ మొహంలో రంగు మారింది.

"ఏడవలేదా? ఈ ఇంట్లో?"

"ఈ ఇంట్లోనే. నా కళ్ళతో చూశాగా."

"మా ఇంటికొచ్చి అతను చేసేది అదొక్కటే, దోన్యా నీబియా."

పొయ్యి మీద కెటిల్ కూత పెట్టింది. ఎవరూ లేవలేదు.

"మొదటిసారి మీ బీపీ మాత్రలకే వచ్చాడు. ఎవరి పేరు మీద అని అడిగితే మీ పేరు చెప్పబోయి, స్టెల్లా పేరు చెప్పాడు. అంతే, కౌంటరు పట్టుకుని నిలబడిపోయాడు. వెనకగదిలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. మళ్ళీ వచ్చాడు. మా ఇంట్లో బల్ల మీద తల పెట్టుకుని ఆవిడ గురించే చెప్తాడు. ఆవిడ వానలో రొట్టెలు వేయించడం, ఆవిడ చీకటిపడ్డాక కూడా నీళ్ళలోంచి రాకపోతే ఇతను ఈల వెయ్యడం. ఆవిడ గురించి నాకు తెలిసినంత నా గురించి అతనికి తెలియదు."

నీబియా లేచి పొయ్యి ఆర్పింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మరి ఇక్కడెందుకు ఏడవడు? ఇది అతని ఇల్లు కాదూ?"

"వదిలేయండి."

"చెప్పు."

"నేననకూడదు."

"ఇంత దాకా వచ్చి వదిలేస్తే పాపం నీకే. చెప్పమన్నాను."

మాబెల్ పొట్లం తాడుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. "మీ కళ్ళు అచ్చం ఆవిడ కళ్ళట. పొద్దున లేచి హాల్లోకి వస్తే మీరు కూర్చుని ఉంటారట, ఆ కళ్ళతో. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఎదురుగా ఉండగా నేనేం ఏడుస్తాను, నాకేం హక్కుంది అంటాడు. నవ్వు వచ్చినా ఆపుకుంటాడట. ఈ ఇంట్లో ఊపిరి తీసుకోవాలన్నా మిమ్మల్ని అడిగి తీసుకోవాలన్నట్టు ఉంటుందట." ఆపేసి, కంగారుగా చెయ్యి చాచింది. "మీ మీద కోపంతో కాదు. మీరంటే అతనికి ఎంత గౌరవమో..."

"తెలుసు."

నీబియా చాలాసేపు సింకు దగ్గరే నిలబడి, కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. ఇన్నాళ్ళూ అతని పొడి కళ్ళని చూసి, నా కూతురికోసం ఏడ్చేది నేనొక్కదాన్నే అనుకుంది. అందుకే రోజూ హాల్లో ఆ కుర్చీలో కూర్చుంది, ఒకరైనా ఆమెని తలుచుకుంటూ ఉండాలని. ఆ కూర్చోవడమే అతని గొంతుకి అడ్డం పడిందని ఇప్పుడు తెలిసింది.

కప్పు బోర్లించి వచ్చి కూర్చుని పొట్లం విప్పింది. ఒక ముక్క మాబెల్ ముందుకి తోసింది.

"నువ్వు రా. నేనూ వస్తాను. మంచి టార్చిలైటు ఒకటి తెచ్చుకో, రాత్రిళ్ళు మరుగుదొడ్డికి పోవాలంటే చెట్ల మధ్య చాలా దూరం నడవాలి. ఆ సన్నటి చెప్పులు పనికిరావు, పైన్ కాయలు గుచ్చుకుంటాయి. మేకు కొట్టేటప్పుడు నిటారుగా కొట్టకూడదు, గుడారానికి అవతలి వైపు వాల్చి కొట్టాలి. లేకపోతే సముద్రం గాలికి పీక్కుపోతుంది."

మాబెల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరు నాకెందుకు..."

"తిను. నిన్నటి సరుకులా ఉంది, అయినా తిను."

* * *

ఆ తర్వాత ఇల్లు నెమ్మదించింది. అమ్మమ్మ వస్తానన్నాక రొసీనా కాదనలేకపోయింది. కాదనడానికి కారణం వెతుక్కుంటూనే మాంసం కాల్చే ఇనపజాలీ తుప్పు వదలగొట్టింది, లాంతరుకి కొత్త వత్తి వేసింది. మాబెల్‌కి వేరే చిన్న గుడారం ఒకటి ఎవరి దగ్గరో అడిగి తెచ్చారు. అది కూడా నీబియా ఆలోచనే. ఆదెమార్ ఆ మాట విని తల వంచుకుని, "మంచిది అత్తయ్యా" అన్నాడు. ఆవిడ వంక చూడలేదు.

నీబియా మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా ఉంది. వంట చేస్తూ కూనిరాగం తీస్తోంది. రొసీనాకి అదే నచ్చలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే రొసీనా దుప్పట్ల కోసం అమ్మమ్మ గదిలోకి వెళ్ళింది. మంచం మీద పెద్ద సంచీ తెరిచి ఉంది. నీబియా వంగి ఏదో అదిమి పెడుతోంది. నల్లటి ఉన్ని బట్ట చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది.

"అది చలికోటు కదూ?"

"ఊఁ."

"ఫిబ్రవరిలో సముద్రానికి చలికోటు ఎందుకమ్మమ్మా?"

"గాలి ఉంటుందిగా."

రొసీనా సంచీలో చెయ్యి పెట్టింది. ఉన్ని మేజోళ్ళు. పండగకి వేసుకునే బూడిదరంగు గౌను. మంచం పక్క గోడకి ఉండాల్సిన తాతయ్య ఫోటో, తువ్వాల్లో చుట్టి.

ఆమె మంచం మీద కూలబడింది.

"ఎక్కడికి వెళ్తున్నావు?"

నీబియా కోటు చెయ్యిని మడిచి లోపలికి తోసింది. అబద్ధం ఆడదామనుకుంది గానీ, ఈ పిల్లకి అబద్ధం ఎప్పుడూ పనిచెయ్యలేదు.

"కాస్తిల్యోస్‌లో మా చెల్లెలు ఓల్గా ఉంది కదా. పార్కు నుంచి దగ్గరే. సెలవులయ్యాక మీరు ఇటు రండి. నేను అటు పోతాను."

"ఎన్నాళ్ళు?"

నీబియా సంచీ అంచు సరిచేసింది.

"చలికాలం దాకానా?"

"చలికాలం తర్వాత కూడా."

"ఆవిడ వెళ్ళిపొమ్మందా? నాకు చెప్పు. ఆ రోజు వంటింట్లో ఏమంది నిన్ను?"

"ఆవిడ మంచిది. ఆవిడ మీద పెట్టకు. నేనే అనుకున్నాను."

"ఎందుకు? ఇది నీ ఇల్లు!"

"నా కూతురి ఇల్లు, తల్లీ."

"నేను లేనూ? నేను నీకేమీ కానా?" రొసీనా సంచీలోంచి కోటు లాగేసి ఒళ్ళో పెట్టుకుని వాటేసుకుంది. "అమ్మ అట్లా పోయింది. నువ్వు ఇట్లా పోతావు. నేనెవరితో ఉండాలి?"

"మీ నాన్నతో. అతనికి నువ్వు కావాలి. నేను ఎదురుగా ఉంటే అతను నీ దగ్గరికి కూడా రాలేకపోతున్నాడు."

ఆ మాట అంటూ తలెత్తేసరికి గుమ్మంలో ఆదెమార్ ఉన్నాడు. భుజాన తాళ్ళచుట్ట వేసుకుని, ఎప్పుడొచ్చి నిలబడ్డాడో.

"నాన్నా, ఉండమని చెప్పు" అంది రొసీనా. "చెప్పు నాన్నా. నువ్వు చెప్తే ఉంటుంది."

అతను నీబియా వంక చూశాడు. చాలా నెలల తర్వాత ఆ కళ్ళలోకి తిన్నగా చూశాడు. నీబియా మంచంకోడు పట్టుకుని నిలబడింది. అతను ఉండమంటే ఉండిపోతానేమోనని ఆవిడకి భయం. అనకపోతే ఎలా తట్టుకోవాలో తెలియని భయం అంతకంటే పెద్దది.

అతను ముందుకొచ్చాడు.

రొసీనా ఒళ్ళోంచి మెల్లగా కోటు తీసుకుని సంచీలో పెట్టాడు. జిప్పు లాగాడు. చేత్తో ఎత్తి చూశాడు.

"బరువుది ముందు సర్దాలి అత్తయ్యా" అన్నాడు.

సంచీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

అడుగులు వాకిలి దాటాయి. కారు డిక్కీ తెరిచిన చప్పుడు, అందులో సంచీ పెట్టిన చప్పుడు వినబడ్డాయి. మూసిన చప్పుడు వినబడలేదు. రొసీనా ఎదురుచూసింది. నీబియా ఎదురుచూసింది.

అప్పుడొచ్చింది ఆ శబ్దం. బొంగురుగా, తెగి తెగి. వీధిలో ఎవరికో ఏదో అయిందనుకుని రొసీనా ఉలిక్కిపడి లేచింది. నీబియా ఆమె మణికట్టు పట్టుకుంది.

"వెళ్ళకు."

"నాన్న అమ్మమ్మా... అది నాన్నే!"

"తెలుసు. కాసేపు ఉండనీ."

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. మాబెల్ భుజాన సంచీతో అప్పుడే వచ్చి, గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ఆమె కూడా లోపలికి రాలేదు.

ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోంచే గొంతు పెగుల్చుకుని ఒక పిలుపు వచ్చింది.

"అత్తయ్యా!"

రొసీనా ఊపిరి బిగబట్టి అమ్మమ్మ మొహంలోకి చూసింది. నీబియా మనవరాలి చెయ్యి వదిలి గుమ్మం దాకా నడిచింది. తలుపు చెక్క పట్టుకుంది.

"అత్తయ్యా!" మళ్ళీ పిలిచాడు.

ఆవిడ గుమ్మం దాటలేదు. వెనక్కీ రాలేదు.